మూలానికి విధేయత ఎంతవరకు?

నవల ఒకటి తెరమీదికి వచ్చినప్పుడు, దానిని ముందుగానే చదివి మనసులో నిలుపుకున్నవారు అందరిలాగా ప్రేక్షకులై కూర్చోలేరు. వారు సాక్షులై కూర్చుంటారు. తమకు తెలిసిన కథ ఏ విధంగా చెప్పబడుతున్నదో, అందులో ఏది దాచబడుతున్నదో, ఏది కొత్తగా చేరుతున్నదో ప్రతి ఘట్టంలోనూ సరిచూసుకుంటూ ఉంటారు. ఈ సరిచూపులోనుంచి వాదం పుడుతుంది. ఇటువంటి వాదాలను అభిమానుల ఆవేశంగా భావించి పక్కన పెట్టడం సాహిత్యవేత్తలకు అలవాటు. చరిత్ర విద్యార్థిగా చదువు ముగించి, ప్రభుత్వోద్యోగిగా జీవిస్తున్న నాకు మాత్రం వాటిమీద గౌరవం ఉన్నది. మూలానికీ, దానినుంచి తయారైన ప్రతికీ మధ్య ఏమి జరిగిందని అడగడం చరిత్రకారుని ప్రాథమిక ధర్మం. ఆ ప్రశ్నను ఏ శిక్షణా లేని పాఠకులు తమంతట తాము అడుగుతున్నారంటే, అది తేలికగా తీసుకోదగిన విషయం కాదు.

చైనాలో నవలల ఆధారంగా తయారైన ప్రేమకథా ధారావాహికల చుట్టూ గత పదిహేనేళ్ళలో ఇటువంటి వాదాలు విస్తారంగా సాగాయి. వాటిలో నేను కొంత శ్రద్ధగా గమనించినది 'బు బు జింగ్ షిన్' అనే ధారావాహికను గురించిన వాదం. 'అడుగడుగునా గుండె అదురు' అని ఆ పేరును తెలుగులో చెప్పుకోవచ్చు. తోంగ్ హువా అనే రచయిత్రి 2005లో దీనిని నవలగా రాయడం ప్రారంభించింది. 2011లో హునాన్ టెలివిజన్ దీనిని 35 భాగాల ధారావాహికగా ప్రసారం చేసింది. మన కాలపు యువతి ఒకతె ప్రమాదానికి గురై, కళ్ళు తెరిచేసరికి 18వ శతాబ్దపు ఆరంభంలో, కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో, రువోషీ అనే కులీన కన్య శరీరంలో మేలుకొంటుంది. చక్రవర్తి కుమారులు సింహాసనం కోసం ఒకరితో ఒకరు పోటీపడుతున్న రోజులవి. వారిలో ఎవరు గెలుస్తారో, ఎవరు చెరసాలలో మరణిస్తారో ఆమెకు ముందే తెలుసు. ఎందుకంటే ఆమె చరిత్ర చదువుకున్నది. మొదట ఎనిమిదవ రాకుమారుని ప్రేమిస్తుంది. సింహాసనం మీద ఆశ వదులుకొమ్మని అతనిని కోరుతుంది. అతడు వదులుకోలేడు. కాలక్రమాన ఆమె నాలుగవ రాకుమారుని ప్రేమిస్తుంది. అతడే చక్రవర్తి అవుతాడు. ఆమె మిత్రులుగా ఎంచుకున్నవారిని అతడే శిక్షిస్తాడు.

ఈ కథలోని విషాదమంతా ఒక్క మాటలో ఉన్నది. జరగబోయేది తెలిసి ఉండటం వేరు, దానిని ఆపగలగడం వేరు. చరిత్ర చదివినవారికి ఈ దుఃఖం కొత్తది కాదు. మనం చదివే ప్రతి యుద్ధంలోనూ ఓడిపోయేదెవరో మనకు ముందే తెలుసు. ఆ తెలివిడి వారికెవరికీ ఉపయోగపడదు.

ధారావాహిక స్థూలంగా నవలను దగ్గరగానే అనుసరించింది. అయినా వాదం ఆగలేదు. అభిమానులు నాలుగవ రాకుమారుని పక్షమనీ, ఎనిమిదవ రాకుమారుని పక్షమనీ రెండు వర్గాలయ్యారు. తమ రాకుమారునికి నవలలో ఉన్న న్యాయం తెరమీద దక్కలేదని ఉభయపక్షాలవారూ వాదించారు. వీటికన్న లోతైన ఆక్షేపణలు మరి రెండు ఉన్నాయి. మొదటిది, నవల అంతా రువోషీ స్వయంగా చెప్పిన కథ. ఆమె ఊహ, భయం, ఆమె తనలో తాను వేసుకునే లెక్క పాఠకునికి నేరుగా అందుతాయి. తెరమీద ఆమె పదిమందిలో ఒకతె అవుతుంది. అప్పుడప్పుడు వినిపించే స్వగతం ఆ లోటును పూర్తిగా పూడ్చలేదు. రెండవది ముగింపు. ధారావాహికలో కథానాయిక పూర్వకాలంలో మరణించిన తరువాత వర్తమానంలో మళ్ళీ కళ్ళు తెరుస్తుంది. ఒక ప్రదర్శనశాలలో తన గతజీవితపు చిత్రాన్ని చూస్తుంది. అక్కడే నాలుగవ రాకుమారుని పోలికలున్న ఒక పురుషుడు ఆమెకు ఎదురుపడతాడు. క్షణం చూసి, గుర్తుపట్టక, అపరిచితునిగా వెళ్ళిపోతాడు. నవలలో లేని ఈ దృశ్యాన్ని కొందరు ఓదార్పు అన్నారు. కొందరు ద్రోహమన్నారు. మరికొందరు అది మరణంకన్న కఠినమైన శిక్ష అన్నారు.

ఇంతవరకు ఇది రెండు పాఠాల మధ్య తగవు. చరిత్ర విద్యార్థికి ఇక్కడ మూడవ పాఠం ఒకటి కనిపిస్తుంది. అది చరిత్ర. కాంగ్‌షీ 1661 నుంచి 1722 వరకు పాలించాడు. పట్టపు రాకుమారుని 1708లో పదవినుంచి తొలగించి, 1709లో తిరిగి నిలిపి, 1712లో మళ్ళీ తొలగించాడు. ఆ తరువాత బహిరంగంగా మరొకరిని వారసునిగా ప్రకటించలేదు. ఆయన మరణానంతరం నాలుగవ కుమారుడు యోంగ్‌జెంగ్ చక్రవర్తిగా సింహాసనమెక్కాడు. ఎనిమిదవ రాకుమారుడు 1726లో బందీగా మరణించాడు. వీలునామాలో 'పద్నాలుగవ కుమారునికి' అని ఉన్నదానిని 'నాలుగవ కుమారునికి' అని దిద్దారని వదంతి పుట్టి నేటికీ ప్రచారంలో ఉన్నది. ఆనాటి రాజశాసనాలు మంచూ భాషలో కూడా వెలువడేవనీ, రాకుమారులను పేర్కొనే లాంఛనప్రాయమైన పద్ధతిలో అటువంటి దిద్దుబాటు పొసగదనీ చెప్పి ఈ కథను అనేకమంది చరిత్రకారులు అంగీకరించరు.

ఆ వదంతికి యోంగ్‌జెంగ్ ఇచ్చిన సమాధానం ఇంకా ఆశ్చర్యకరమైనది. 1728లో ఒక గ్రామీణ పండితుడు తనమీద తిరుగుబాటుకు ఒక సేనాపతిని ప్రోత్సహించబోయి పట్టుబడ్డాడు. చక్రవర్తి అతనికి మరణశిక్ష విధించలేదు. తనమీద వచ్చిన ఆరోపణలను, వాటికి తన జవాబులను కలిపి గ్రంథంగా అచ్చువేయించి, దేశమంతటా విద్యార్థులకు బోధించమని ఆజ్ఞాపించాడు. 1735లో ఆయన మరణించగానే కుమారుడు ఛియెన్‌లోంగ్ ఆ గ్రంథాన్ని వెనక్కి రప్పించి నిషేధించాడు. ఆ పండితునికి మరణదండన విధించాడు. తండ్రి తన కథను ప్రజల చేతికి ఇచ్చాడు. అది ప్రజల చేతిలో ఉండరాదని కొడుకు నిర్ణయించాడు. ఖండనలు జారీచేయడమే వృత్తిలో ఒక భాగమైన మావంటివారికి ఈ ఉదంతంలో నేర్చుకొనవలసినది చాలా ఉన్నది. ఖండన చదివినవారికి ఆరోపణ కూడా తెలిసిపోతుంది. అది తెలిసినా ప్రజలు తమంతట తాము తూచుకోగలరని తండ్రి నమ్మాడు. కొడుకు నమ్మలేదు.

ఈ చక్రవర్తినే నేడు లక్షలమంది ప్రేక్షకులు నాలుగవ రాకుమారునిగా ప్రేమిస్తున్నారు. ఆయన పాలనలోనే 1727-28 శీతకాలంలో నాన్‌జింగ్ నగరంలోని ఒక సంపన్న కుటుంబం ఆస్తి జప్తు అయింది. అది త్సావ్ వారి కుటుంబం. కాంగ్‌షీ తన దక్షిణ యాత్రలలో నాలుగు పర్యాయాలు వారి ఆతిథ్యం స్వీకరించాడు. జప్తునాటికి ఆ ఇంట బాలుడుగా ఉన్న త్సావ్ షుయేచిన్ అనంతరకాలంలో బీజింగ్‌లో పేదరికం అనుభవిస్తూ ఒక మహానవల రాశాడు. అదే 'హోంగ్ లౌ మెంగ్', అనగా 'ఎర్రమేడ కల'. కూలిపోతున్న గొప్ప ఇల్లు, అందులో బావ్‌యూ అనే బాలుడు, అతడు ప్రాణంగా ప్రేమించిన దాయ్‌యూ, అతనికి భార్యగా వచ్చిన బావ్‌ఛాయ్ ఆ కథకు కేంద్రం. చైనా సాహిత్యంలో ఇంతకు మించిన ప్రేమకథ లేదని అనేకుల అభిప్రాయం. తెరమీది మూలవిధేయతను గురించి చైనా పాఠకులు చేసిన వాదాలలో అన్నిటికన్న గంభీరమైనది కూడా ఈ నవల చుట్టూనే జరిగింది.

కారణం, ఇక్కడ మూలమే అసంపూర్ణం. త్సావ్ మరణించేనాటికి చేతిరాత ప్రతులలో ప్రచారంలో ఉన్నవి 80 అధ్యాయాలు. 1791లో ఛెంగ్ వెయ్‌యువాన్, గావ్ అ అనే ఇరువురు 120 అధ్యాయాల గ్రంథాన్ని అచ్చువేశారు. లభించిన పాత ప్రతులను సేకరించి సవరించామని వారు చెప్పుకున్నారు. చివరి 40 అధ్యాయాలు గావ్ అ రచన అని 1921లో హూ షి వాదించాడు. ఆ భాగానికి నిజమైన కర్త ఎవరో నేటికీ తేలలేదు. అచ్చయిన ముగింపులో, పెద్దలు కుట్రచేసి, వధువు దాయ్‌యూ అని నమ్మించి, మేలిముసుగు చాటున బావ్‌ఛాయ్‌తో బావ్‌యూకు వివాహం జరిపిస్తారు. అదే సమయంలో దాయ్‌యూ మరణిస్తుంది. బావ్‌యూ ఉద్యోగ పరీక్షలో ఉత్తీర్ణుడై, అనంతరం సన్యసిస్తాడు. కుటుంబానికి కొంత వైభవం తిరిగి వస్తుంది. కాని తొలి ప్రతుల అంచులలో జీయెన్‌జాయ్ అనే కలంపేరుతో ఎవరో రాసిన వ్యాఖ్యలు ఉన్నాయి. రచయిత ఉద్దేశించిన ముగింపు ఇంతకన్న చాలా దారుణమైనదని ఆ వ్యాఖ్యలు సూచిస్తాయి.

1987లో చైనా కేంద్ర టెలివిజన్ ఈ నవలను 36 భాగాలుగా ప్రసారం చేసింది. దర్శకుడు వాంగ్ ఫులిన్. ఆయన బృందం పండితులను సంప్రదించి, రెండు శతాబ్దాలుగా ప్రజలు చదువుతున్న అచ్చు ముగింపును విడిచిపెట్టింది. జీయెన్‌జాయ్ సూచనల ఆధారంగా కొత్త ముగింపును నిర్మించింది. అందులో ముసుగు పెళ్ళి కుట్ర లేదు. బావ్‌యూ దూరదేశంలో ఉండగా దాయ్‌యూ మరణిస్తుంది. ఇంటిని శాసించిన షీఫెంగ్ చెరసాలలో చనిపోగా, చాపలో చుట్టిన ఆమె దేహాన్ని మంచుమీద ఈడ్చుకుపోతారు. 2010లో లీ షావోహోంగ్ అనే దర్శకురాలు 50 భాగాలతో మరొకసారి తీసింది. ఆమె 120 అధ్యాయాల పాఠాన్ని అనుసరించింది. గ్రంథంలోని వాక్యాలను నేపథ్యంలో యథాతథంగా చదివించింది. అక్షరాన్ని పాటించిన ఈ రెండవ కృతి తీవ్రమైన విమర్శకు గురి అయింది. అక్షరాన్ని దాటిన మొదటి కృతిని నేటికీ చైనా ప్రేక్షకులు ఆప్యాయంగా చూస్తున్నారు. చిత్రీకరణ కోసం బీజింగ్‌లో నిర్మించిన ఉద్యానం సందర్శన స్థలంగా నిలిచిపోయింది.

ఈ ఫలితాన్ని చూసి, అక్షరం ముఖ్యం కాదు, ఆత్మ ముఖ్యమని తేల్చివేయడం సులభం. నాకది తృప్తికరమైన తీర్పుగా తోచదు. ఆత్మ అనేది ఎవరికి కావలసినట్టు వారు చెప్పుకోగల పదం. మూలాన్ని పాడుచేసినవారు కూడా ఆత్మను కాపాడామనే చెబుతారు. 1987 నాటి బృందానికి ఆధారాలు ఉన్నాయి. వ్యాఖ్యలు ఉన్నాయి, తొలి అధ్యాయాలలోనే పాత్రల భవితవ్యాన్ని సూచించే పద్యాలు ఉన్నాయి. వారు చేసినది స్వేచ్ఛావిహారం అనిపించుకోదు, అది చరిత్రకారుని పని. అయినా వారిని సైతం ఆక్షేపించినవారు ఉన్నారు. తరతరాలుగా ముసుగు పెళ్ళి ఘట్టం చదివి కన్నీరు పెట్టిన పాఠకులకు ఆ ఘట్టమే నవల. కర్త ఎవరైనా, వారి కన్నీరు అబద్ధం కాలేదు.

ఈ సందర్భంలో తెలుగువారికి ఎర్రాప్రగడ గుర్తుకు రాకమానడు. 11వ శతాబ్దంలో నన్నయ ప్రారంభించిన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి సాగించాడు. 14వ శతాబ్దంలో ఎర్రన అరణ్యపర్వ శేషాన్ని పూరించి, దానిని నన్నయ రచించినట్టుగానే రాజరాజనరేంద్రునికి అంకితం చేశాడు. మనం ఆయనను కవిత్రయంలో ఒకడిగా పూజించాం. చైనావారు గావ్ అను రెండు వందల ఏళ్ళ తరువాత న్యాయస్థానం ముందు నిలబెట్టారు. ఈ తేడాకు కారణం లేకపోలేదు. ఎర్రన ఎదుట వ్యాసుడున్నాడు. ఏమి జరిగిందో అందరికీ తెలుసు, ఎట్లా చెప్పాలన్నదే ఆయన సమస్య. గావ్ అ ఎదుట ఖాళీ కాగితం ఉన్నది. మరొక విషయం కూడా ఉన్నది. మూలంలో లేనిదానిని చేర్చడం మనకు ఎన్నడూ నేరంగా తోచలేదు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అయినా 1957లో వచ్చిన 'మాయాబజార్' భారతానికి ద్రోహం చేసిందని ఎవరూ అనలేదు. చేర్పు మనలను బాధించదు. మరి బాధించేదేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం నాకు గ్రంథాలలోకన్న మా ఇంటిలో స్పష్టంగా దొరికింది.

మా అమ్మది గోదావరి ప్రాంతం. పత్రికలలో వచ్చే ధారావాహిక నవలల పుటలను కత్తిరించి, సూదీదారంతో కుట్టి, అట్టలు వేసుకుని దాచుకున్న తరం ఆమెది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1976లో చలనచిత్రంగా వచ్చినప్పుడు ఆమె చూసివచ్చి, "సినిమా బాగానే ఉంది. నా రాజశేఖరం మాత్రం అందులో లేడు" అన్నదని నాన్నగారు తరచు చెప్పి నవ్వేవారు. నాన్నగారు పోయిన తరువాత ఆమె ఢిల్లీలో మావద్ద ఉండటానికి వచ్చింది. ఆయన చివరి మూడు రోజులూ నాకోసం ఎదురుచూశారు. నేను అప్పుడు ఈశాన్య రాష్ట్రంలో ఎన్నికల విధులలో ఉన్నాను. కబురు అందిన వెంటనే బయలుదేరాను. దారిలో ఉండగానే రెండవ కబురు అందింది. ఆ మూడు రోజులూ ఆయన మంచంపక్కన కూర్చున్నది అమ్మ. ఆ విషయం ఆమె నాతో ఎన్నడూ ఎత్తలేదు. అసలు ఏ విషయమూ ఎక్కువగా మాట్లాడేది కాదు.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి సాయంకాలాలు 'బు బు జింగ్ షిన్' చూస్తుండగా అమ్మ వెళ్ళి పక్కన కూర్చునేది. తెరకింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఆమె చదవలేదు. అమ్మాయి ఆ మాటలను అప్పటికప్పుడు తెలుగు చేసి చెప్పేది. రాకుమారులు మా ఇంట 'నాలుగోవాడు', 'ఎనిమిదోవాడు', 'పద్నాలుగోవాడు' అయ్యారు. కాంగ్‌షీ చక్రవర్తి 'పెద్దాయన' అయ్యాడు. అమ్మ ఎనిమిదోవాడి పక్షం వహించింది. ఎనిమిదోవాడికి భార్య ఉన్నదని తెలియగానే పక్షం మార్చింది. మా అమ్మాయి నవల ఇంగ్లీషు అనువాదం కూడా చదివినది. ఎక్కడ ఏది మారిందో ఆమె లెక్క రాసుకునేది. "పుస్తకంలో లేని ముగింపు తగిలించడానికి వీళ్ళకేం హక్కు?" అని నాతో గంటలకొద్దీ వాదించింది. ఆ వాదనలో ఆమె వైపే నా మొగ్గు.

కథ చివరి ఘట్టానికి వచ్చింది. రాజసౌధం విడిచివచ్చిన రువోషీ జబ్బుపడుతుంది. మరణం దగ్గరపడిందని తెలిసి, ఒక్కసారి వచ్చి చూడమని చక్రవర్తికి ఉత్తరం రాస్తుంది. గూఢచారుల కన్ను పడకుండా పద్నాలుగవ రాకుమారుడు ఆ ఉత్తరాన్ని తన చేతిరాతతో ఉన్న మరొక కవరులో పెట్టి పంపుతాడు. తమ్ముని చేతిరాత చూసిన చక్రవర్తి అది మరొక నిందాపత్రమని అనుకుని విప్పడు. ఉత్తరం అలాగే పడి ఉంటుంది. ఆమె ఎదురుచూస్తూ కన్నుమూస్తుంది. జీవితమంతా కవర్ల మధ్య గడిపే ఉద్యోగికి ఈ ఘట్టం తగలవలసినచోటే తగులుతుంది.

ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. మా అమ్మాయి గొంతు ఒక్క క్షణం ఆగి, తరువాత తెలుగులో ఇలా చెప్పింది: "ఉత్తరం అందింది మామ్మా. చదివాడు. బయలుదేరాడు." తెరమీద ఆ మాటలు లేవు. మూలంలో ఒక్క అక్షరం మారినా సహించని పిల్ల, మామ్మ కోసం కథ మార్చివేసింది. ఎందుకు మార్చిందో నాకు తెలుసు. నేను తలెత్తలేదు.

అమ్మ కొంతసేపు తెరవైపు చూసింది. తరువాత, "విప్పలేదు కదే?" అన్నది. అమ్మాయి మాట్లాడలేదు. "ఆ పిల్ల మొహం చూస్తే తెలియడం లేదా? రాలేదు. రాలేకపోయాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు తల్లీ. ఏడుపొస్తే ఏడుస్తాను. అది కూడా నువ్వే తగ్గించి పెడితే ఎలా?" ఆ తరువాత అమ్మాయి చివరివరకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అమ్మ ఏడ్చింది. ఆ రాత్రి, నాన్నగారి ఆ మూడు రోజుల గురించి మొదటిసారి నాతో మాట్లాడింది. ఆయన ఏ పూట ఏమి అడిగారో, గుమ్మం వైపు ఎన్నిసార్లు చూశారో, చివరికి "వాడు బయలుదేరే ఉంటాడు" అని ఎట్లా అన్నారో చెప్పింది. నేను ఆ మాట వినవలసి ఉన్నది. ఎవరో నామీద దయతలచి దానిని మార్చి చెప్పి ఉంటే, నాకు ఎప్పటికీ అందేది కాదు.

మూలవిధేయతను గురించి నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఇదే. పుస్తకం తన పాఠకుని భరించగలవాడని నమ్మి ఒక దుఃఖాన్ని అతనికి అప్పగిస్తుంది. మధ్యలో ఉన్నవాడు, ఇతడు భరించలేడని తానే నిర్ణయించి, దానిని అందకుండా చేయడమే అసలైన ద్రోహం. మిగిలిన మార్పులన్నీ శిల్పానికి సంబంధించిన విషయాలు. ఈ కొలమానంతో చూస్తే 1987 నాటి బృందం మూలానికి విధేయులే. అచ్చు ముగింపులోని ఓదార్పును తొలగించి, మూలరచయిత ఉద్దేశించిన వినాశాన్ని వారు ప్రేక్షకుల ముందు ఉంచారు. ప్రదర్శనశాల దృశ్యం విషయంలో మా అమ్మాయికీ నాకూ ఇప్పుడు భేదాభిప్రాయం ఉన్నది. అపరిచితునిగా వెళ్ళిపోయే ఆ పురుషుడు దుఃఖాన్ని తగ్గించలేదు, మరొకచోటికి తీసుకువచ్చాడంతే. అందుచేత నేను ఆ దృశ్యాన్ని క్షమించగలను. ఆమె క్షమించదు.

మధ్యలో ఉన్నవాడు ప్రతిసారీ దర్శకుడే కానక్కరలేదు. 2019లో 'ఛెన్ ఛింగ్ లింగ్' అనే 50 భాగాల ధారావాహిక వచ్చింది. దాని మూలనవలలో ఇద్దరు యువకుల మధ్య ప్రేమ ప్రధాన వస్తువు. చైనా ప్రసార నియమాలు దానిని ప్రేమగా చూపడానికి అనుమతించవు కాబట్టి తెరమీద అది స్నేహంగా నిలిచింది. విచిత్రమేమంటే, చిన్న మార్పుకే తగవుపడే అభిమానులు ఇంత పెద్ద మార్పును చాలావరకు క్షమించారు. నటుల చూపులలో, మౌనంలో మూలం మిగిలే ఉన్నదని వారు గుర్తించారు. మూలం తెలిసినవారికి ఆ మౌనం చదవడం సాధ్యమయింది. తెలియనివారికి అది మౌనంగానే మిగిలింది. మా అమ్మ రువోషీ ముఖం చదివినట్టే వారూ చదివారు. కాని చదవలసిన భారమంతా పాఠకునిమీద మోపడం ఏ దేశపు పాలనాయంత్రాంగానికీ గర్వకారణం కాదు.

ప్రభుత్వోద్యోగులకు ఈ ప్రశ్న దూరపుది కాదు. ఫైలు పైకి పంపేటప్పుడు మనం రాసే సంక్షిప్త నోటు కూడా ఒక అనుసరణే. ఐదు వందల పుటల ఫైలును రెండు పుటలకు కుదించినప్పుడు వదిలివేయక తప్పదు. ఏది వదిలామన్నదే పరీక్ష. బాధితుని అర్జీలోని వాక్యం పై అధికారికి అసౌకర్యమని తొలగించామా, లేక పునరుక్తి అని తొలగించామా? రెండు నోట్లూ ఒకే పొడవు ఉండవచ్చు. మొదటిదానిలో విప్పని ఉత్తరం ఒకటి ఉంటుంది.

అందువల్లనే, ఒక ప్రేమకథను గురించి యువతీయువకులు రాత్రులు మేలుకొని వాదించుకోవడం నాకు వృథా కాలక్షేపంగా తోచదు. ఏది ఎక్కడ మారిందో పట్టుకోవడం వారు నేర్చుకుంటున్నారు. ఎవరు మార్చారు, ఎవరి మేలు కోరి మార్చారు అని అడగడం నేర్చుకుంటున్నారు. ఛియెన్‌లోంగ్ వెనక్కి రప్పించిన గ్రంథం నేడు పండితులు చదువుతూనే ఉన్నారు. త్సావ్ షుయేచిన్ ఉద్దేశించిన ముగింపు కోసం రెండున్నర శతాబ్దాల తరువాత కూడా అన్వేషణ సాగుతూనే ఉన్నది. తమకు అందవలసినది అందలేదని గ్రహించిన పాఠకులు దానిని అడిగి తీసుకునేవరకు ఊరుకోరు. మా ఇంట ఇప్పుడు 2010 నాటి 'ఎర్రమేడ కల' నడుస్తున్నది. అమ్మాయి తెలుగులో చెబుతున్నది. ఇంకా ఎవరూ చనిపోలేదు. అయినా అమ్మ అప్పుడే హెచ్చరించింది, ఈసారి ఏదీ దాచవద్దని.